బావికి గంజి పెట్టిన వైనం

ఆ రోజుల్లో మా సీమలో ఇంగ్లీషు మాటకున్న మర్యాద మనిషికి ఉండేది కాదు. మనిషి వస్తే అరుగు మీద కూచోబెట్టి మజ్జిగిచ్చి పంపేవాళ్లు. అదే ఒక ఇంగ్లీషు మాట కాగితమ్మీద టైపు కొట్టించుకుని వస్తే దాన్ని దేవుడి గూట్లో పెట్టి, చదవగలిగినవాడు ఊళ్లోకి దిగేదాకా భద్రంగా దాచేవాళ్లు. మా వంశంలో ఆ చదవగలిగినవాడిని నేను. మద్రాసులో ఇంటరు పాసై, బి.ఏ.లో రెండు భాగాలు గట్టెక్కి, మూడో భాగంతో ఇంకా సంప్రదింపులు జరుపుతున్న కాలమది. (మూడో భాగమంటే లెక్కలు. ఈ సంగతి పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. నేను గుర్తుంచుకోకపోవడం వల్లే ఈ కథ జరిగింది.) ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, నా జీవితంలో నేను నిజంగా అర్థం తెలుసుకున్న ఇంగ్లీషు మాట ఒక్కటే ఉందనిపిస్తుంది. అది కూడా కాలేజీలో తెలియలేదు. ఒక బావిగట్టు మీద, పళ్లు లేని ఒక అవ్వ నోట, తెలుగులో తెలిసింది.

ఆ మాట ‘ప్రివెంటివ్’. పెన్నేటి ఒడ్డు పల్లెల్లో కలరా తిరుగుతోందని, చదువుకున్న కుర్రవాళ్లు కొన్నాళ్లపాటు కావాలని తెలిసి, కడపలో ఉన్న మా మేనమామ ఎవరి కాళ్లు పట్టుకున్నాడో గానీ నాకొక ఉత్తర్వు తెప్పించాడు. అందులో నన్ను ‘కలరా ప్రివెంటివ్ డ్యూటీ’ మీద, తాత్కాలికంగా, కారణం చెప్పకుండా ఎప్పుడైనా తీసేసే షరతు మీద నియమించినట్టుంది. షరతు సంగతి నేను చదవలేదు. ప్రివెంటివ్ దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి. నిఘంటువు తెరిచాను. జరగబోయేదాన్ని జరగకుండా అడ్డుకొనేది అని అర్థం. మామ అడిగాడు: “అంటే ఏందిరా అల్లుడా, జబ్బు చేసినోళ్లకు మందిచ్చేదా?”

“కాదు మామా, జబ్బు చేయనివాళ్లకు.”

“జబ్బు చేయనోళ్లకు మందేటికి?”

“చేయకుండా ఉండడానికి.”

మామ కాసేపు ఇంటి పైకప్పు చూసి, “జీతం మాత్రం నిజంగానే ఇస్తారు కదా?” అన్నాడు.

బయలుదేరేలోపు ఉన్న నాలుగు రోజుల్లో ఆ మాటను నేను వాడని చోటు లేదు. గొడుగు ప్రివెంటివ్. పెరుగు చట్టి మీద మూత ప్రివెంటివ్. మా అత్త నాకు దిష్టి తగలకుండా ఉప్పూ మిరపకాయలూ దిగదీస్తుంటే, ఇదీ ఒక విధమైన ప్రివెంటివే అత్తా అని చెప్పాను. “వీడికి నేను దిగదీయక ముందే తగిలింది” అని అత్త వాపోయింది. (ఉత్తర్వు ఇచ్చిన ఆఫీసులో హెడ్డుగుమాస్తా గారు మాత్రం మధ్యలో ఇంకో అక్షరం చేర్చి ‘ప్రివెంటేటివ్’ అనేవారు. రెండూ ఒకటేనండీ, పొట్టిదే వాడుక ఎక్కువ అని నేను విన్నవిస్తే, “నాది పర్మనెంటు ఉద్యోగం, నీది టెంపరవరీ. ఎవరికెంత మాట ఉండాలో అంతే ఉంటుంది” అన్నారు.)

ఎర్రగుంట్లలో రైలు దిగి, ఎద్దులబండి కట్టించుకుని, రాళ్లదారిలో ఒక పూట ప్రయాణం చేస్తే మగ్గాల ఊరొకటి వస్తుంది. నన్ను వేసింది అక్కడికి. నాకు తోడుగా ఆఫీసు బంట్రోతు ఒకాయన వచ్చాడు. బావుల్లో కలిపే ఎర్రమందు డబ్బా ఇరవై ఏళ్లుగా ఆయన భుజమ్మీదే ఉండేది గనక ఆయన్ని అందరూ డబ్బా సాయిబు అనేవాళ్లు. ఎర్రమందంటే పర్మాంగనేటు. చూడడానికి నల్లటి పలుకులు, నీళ్లలో వేస్తే ముదురు వంకాయరంగు. దారిలో సాయిబు ఒకటే మాట చెప్పాడు. “అయ్యా, చిన్న అర్జీ. ఏ ఊరికి పోయినా ముందు ఆ నీళ్లతో వాళ్లు ఏమేమి చేస్తారో అడగండి. మందు సంగతి తర్వాత.” నీళ్లతో ఏం చేస్తారు, తాగుతారు, ఆ పాటి బి.ఏ. రెండు భాగాలు చదివినవాడికి తెలియదా అని నేను నవ్వాను. సాయిబు నవ్వలేదు. చొక్కా ఎడమచేతిని కిందికి లాక్కుని ఊరుకున్నాడు.

నేతవాళ్ల వీధిలో ఒకటే మంచినీళ్ల బావి. ఆ వీధికి పెద్ద, అందరికీ నూలిచ్చి నేయించేవాడు, పెద్దమేస్త్రీ. చెవులకు కమ్మలు, భుజమ్మీద తువ్వాలు, మనిషి మాట్లాడుతుంటే ముఖం కదిలేది కాదు. ఆయన ఇంటి ముందర వీధి జనాన్ని కూడగట్టుకుని నేను ప్రివెంటివ్ మీద ఉపన్యాసమిచ్చాను. సూక్ష్మజీవులు, నది, నీళ్లు, నివారణోపాయాలు అన్నీ వచ్చాయి. అరగంట తర్వాత పెద్దమేస్త్రీ అడిగాడు: “శానా బాగా చెప్పినావప్పా. అయితే మా వీధిలో యావరికీ ఏమీ కాలేదు కదా?”

“కాలేదండీ. కాకుండా ఉండడానికే వచ్చాను.”

“రేపు కూడా కాలేదనుకో. అది నీ మందుతో కాలేదో, ఊరికే కాలేదో మాకెట్ల తెలుస్తాది?”

“తెలియదండీ.”

“పోనీ, అయిందనుకో?”

“అప్పుడు నేను ఆలస్యంగా వచ్చినట్టు.”

“అంటే బాగున్నా నీదే గొప్ప, బాగలేకున్నా నీ తప్పు ల్యా. మంచి పనే దొరికింది నీకు” అన్నాడు. జనం నవ్వారు. అయినా ఆయన పెద్దమనిషి. “నీ దొర నీకు చెప్పినాడు, నీవు మాకు చెప్పినావు. వేసుకోపో” అన్నాడు. సాయంత్రం మందు వేస్తానని, తెల్లారేదాకా ఎవరూ నీళ్లు తోడొద్దని చెప్పి లేచాను. తెల్లారడమన్నది నా లెక్కలో ఒకటి, నేతవాళ్ల లెక్కలో ఒకటి అని నాకు తెలియదు. నాకు కాఫీ వేళకు తెల్లారేది. వాళ్లకు మొదటి కోడికే తెల్లారిపోయేది.

పొద్దువాలే వేళ బావి కొలిచాను. తాడు కట్టి లోతు చూశాను, అడ్డంగా తాడు పరిచి వెడల్పు చూశాను. గుండ్రటి బావిలో నీళ్లెన్ని పడతాయో లెక్క కట్టే సూత్రం నాకు నోటికొచ్చు. అందులో సగం వెడల్పు తీసుకోవాల్సిన చోట మొత్తం వెడల్పు తీసుకున్నాను. లెక్కలు తెలిసినవాళ్లకు వెంటనే బోధపడుతుంది. తెలియనివాళ్లకు చెబుతున్నాను, దాంతో మందు సరిగ్గా నాలుగింతలైంది. సాయిబు త్రాసు వైపు, బావి వైపు, నా వైపు చూశాడు. “అయ్యా, ఇంత మందు పెద్ద చెరువుకు వేసేది.” కాగితమ్మీద లెక్క చూపించాను. కాగితం చూపిస్తే ఆ రోజుల్లో ఎవరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు. బకెట్లో మందు కరిగించి బావిలో దించి, పైకీ కిందికీ నాలుగుసార్లు ఆడించి, నేను సత్రానికి పోయి హాయిగా నిద్రపోయాను. ఎర్రగుంట్ల స్టేషన్లో పట్టుకొచ్చుకున్న కూజా నీళ్లే తాగాను. (ఈ వాక్యం కూడా గుర్తుంచుకోండి.)

పొద్దున సాయిబు నన్ను లేపిన తీరు చూస్తేనే ఏదో ప్రివెంట్ కాలేదని అర్థమైంది. “అయ్యా, నూలు” అన్నాడు. అంతే.

వీధిలోకి పోయి చూస్తే ప్రతి ఇంటి ముందరా ఒక పెద్ద బాన, ప్రతి బాన చుట్టూ నలుగురు మనుషులు. సంగతేమిటంటే, కొత్త నూలును మగ్గమెక్కించే ముందు రాత్రంతానో తెల్లారుజామునో నీళ్లలో నానబెట్టి తొక్కుతారు. ఆ వారం వీధిలోకి కొత్త నూలు దిగింది. మొదటి కోడి కూయగానే, అంటే వాళ్ల లెక్కన తెల్లారగానే, ఆడవాళ్లు నీళ్లు తోడి బానలు నింపి నూలు ముంచారు. చీకట్లో రంగు కనబడలేదు. పొద్దు పొడిచాక చూస్తే మల్లెపూవులాంటి నూలు తేనీటి రంగుకు తిరిగింది. ఒక ఇంటిది కాదు, వీధి మొత్తానిది. పెద్దమేస్త్రీ ఒక చిలపను, అంటే చుట్టిన నూలుకట్టను, రెండు చేతులా పట్టుకుని నా ముందర నిలబడ్డాడు. ముఖం ఎప్పటిలాగే కదలలేదు.

“ఇదేనా అప్పా, ప్రివెంటివ్ అంటే?”

నేను ఆ నూలును వేళ్లతో రుద్ది చూశాను.

“సరిగ్గానే చెప్పినావులే. మా నూలు తెల్లగా ఉండకుండా బాగానే అడ్డుకున్యావు.”

నా నలభై ఏళ్ల ఇంగ్లీషు అనుభవంలో ఆ మాటను అంత కచ్చితంగా వాడినవాళ్లను మళ్లీ చూడలేదు. కానీ అప్పుడు మెచ్చుకునే తీరిక లేదు. మొదట, నిజం చెప్పాలి గనక చెబుతున్నాను, నా ఉద్యోగం గుర్తొచ్చింది. ఇంతలో నా పక్కనుంచి ఇద్దరు ఆడవాళ్లు ఖాళీ కడవలు చంకనెత్తుకుని పెన్నేటి దారి పట్టారు. వెనక ఇంకో ముగ్గురు. “యాడికి పోతాండారమ్మా?” అని సాయిబు అడిగితే, “ఆ బావి మాకొద్దు. ఏటి ఇసకలో తవ్విన చెలమలుండాయి, ఆడ తెచ్చుకుంటాం” అన్నారు. ఏటి అవతల రెండు ఊళ్లలో కలరా ఉంది. అక్కడి గుడ్డలు ఆ ఏట్లోనే ఉతుకుతున్నారని ముందురోజు నేనే ఉపన్యాసంలో చెప్పాను. జబ్బు రాకుండా చూడమని నన్ను పంపితే, సత్రంలో ఒక్క నిద్ర తీసి లేచేసరికి వీధి జనాన్ని నేనే జబ్బు దగ్గరికి తోలుతున్నాను. ఉద్యోగం సంగతి మరిచిపోయాను. దారికడ్డంగా నిలబడి చేతులు చాపాను. ఆ ఆడవాళ్లు నన్ను గంగిరెద్దును తప్పుకుపోయినట్టు చుట్టూ తిరిగి పోబోయారు.

“ఆగండి మే.”

పెద్దగా అరిచిన గొంతేం కాదది. అయినా కడవలన్నీ ఆగిపోయాయి. వీధి చివరి ఇంట్లోంచి వంగిపోయిన ఒక అవ్వ వచ్చింది. ఆమెను గంజవ్వ అనేవాళ్లు. పడుగంటే తెలుసు కదా, మగ్గమ్మీద నిలువుగా ఉండే దారాలు. మగ్గమెక్కించే ముందు దాన్ని వీధి పొడవునా కట్టి గంజి పూసి కుంచెతో దువ్వుతారు. ఆ వీధి మొత్తానికి గంజి కాచేది ఆమె. ఆమె కాచిన గంజి లేకుండా ఒక్క పడుగూ మగ్గమెక్కదు. కాబట్టి పెద్దమేస్త్రీ ఆ వీధికి పెద్ద, పెద్దమేస్త్రీకి గంజవ్వ పెద్ద.

ఆమె నా వంక చూడలేదు. నూలు వంక చూసింది. ఒక పోగు తీసి రెండు చేతులా గుంజింది. నోట్లో పెట్టుకుని చిగుళ్లతో నమిలింది. బూడిదనీళ్లలో వేసి పిసికింది. రంగు పోలేదు. ఇంకా గట్టిగా పిసికింది. పోలేదు. అప్పుడు నన్నడిగింది: “నాయనా, ఈ మందు దారాన్ని తింటాదా?”

బి.ఏ. రెండు భాగాల్లోనూ ఈ ప్రశ్న లేదు. “తెలియదవ్వా” అన్నాను. ఆ ఊరికి వచ్చాక నేను చెప్పిన మాటల్లో వాళ్లు నమ్మిన మొదటి మాట అదే అనుకుంటాను.

అప్పుడు డబ్బా సాయిబు ముందుకొచ్చి, ఇన్నాళ్లూ కిందికి లాక్కుంటూ వచ్చిన చొక్కా ఎడమచేతిని చాపి చూపించాడు. మోచేతి దాకా అచ్చం అదే తేనీటి రంగు. “అవ్వా, ఎనిమిదేండ్ల కింద మందొలికింది. నా బీబీ ఉతకని తీరు లేదు. మెడ దగ్గర చినిగింది, జేబు ఊడింది. ఈ చెయ్యి మాత్రం బిల్కుల్ అట్లే ఉండాది. రంగూ పోలే, బట్టా పోలే.” గంజవ్వ ఆ చొక్కా చేతిని కూడా గుంజి చూసింది. నమలబోతే సాయిబు మర్యాదగా వెనక్కి తీసుకున్నాడు.

ఆమె బావిగట్టు మీద కూచుంది. “ఇప్పుడు చెప్పు. నిన్న అరగంట ఏందో చెప్పినావంట, యావరికీ అర్థం కాలే. ఏటికొచ్చినావు ఈడికి?”

నేను మళ్లీ నివారణోపాయాల దగ్గర మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తింది. “అదొద్దు. నేనొకటి అడుగుతా చెప్పు. పడుగుకు గంజి ఏటికి పెడతాం?”

“మెరవడానికా అవ్వా?”

కడవలు పట్టుకున్న ఆడవాళ్లు కూడా నవ్వారు. ఆ నవ్వుతో వీధిలో ఏదో కొంచెం సడలింది. గంజవ్వ మాత్రం నవ్వకుండా, పసిపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. “తెగకుండా నాయనా. తెగినాక ముడేసేది ఐదేండ్ల పిల్ల కూడా చేస్తాది. తెగకముందే పూయాల. పూసినామనుకో, చీర నేసేది అయిపోతాది, యావరూ గంజి ఊసే ఎత్తరు. తెగితే మాత్రం ముసిల్ది సరిగ్గా కాయలేదంటారు. నలభై ఏండ్లుగా ఇదే నా పని.”

నిఘంటువు వాళ్లు ఒక్కసారి ఆ బావిగట్టు మీద కూచుని ఉంటే ఎంత కాగితం మిగిలేది! ఆమె వీధి వైపు తిరిగింది. “ఇన్నారా మే? ఈయప్ప మన బావికి గంజి పెట్టినాడు. కొత్త చెయ్యి, రొంత చిక్కగా పెట్టినాడు. నేను కూడా మొదటి దినం మా అత్త పడుగును కట్టె మాదిరి చేసినా. దానికని యావరూ గంజి మానేయలేదు కదా?”

పెద్దమేస్త్రీ ముఖం మొదటిసారి కదిలింది. ఏ దిక్కుకు కదిలిందో తేల్చుకోలేక ఆయనే ఆపేశాడు. “సరే అత్తా. నీళ్లు తాగితే మనిషికేమీ కాదని యావరు చెప్తారు? ఈయప్ప తాగినాడా?”

అందరూ నా వైపు చూశారు. నేను సత్రం వైపు, అంటే ఎర్రగుంట్ల కూజా ఉన్న వైపు చూశాను. సాయిబు ఆకాశం వైపు చూశాడు. నిజం దాచి లాభం లేదు. “తాగలేదండీ” అన్నాను.

గంజవ్వ ఒక చెంబు నీళ్లు తోడించింది. రోజాపువ్వు రంగులో ఉన్నాయి. నాకిచ్చింది. తాగాను. తుప్పుపట్టిన మేకును చప్పరించినట్టుంది. “మొత్తం” అంది. మొత్తం తాగాను. తర్వాత ఇంకో చెంబు తోడించుకుని ఆమె గడగడా తాగి, మూతి తుడుచుకుని, “గంజి కన్నా చప్పగుండాది” అంది.

వీధి ఒక తీర్మానం చేసింది. బావినే వాడతారు. అయితే రోజూ పొద్దున అందరికన్నా ముందు నేనొచ్చి, వాళ్ల కళ్లముందర ఒక చెంబు తాగాలి. పొద్దు బారెడెక్కేదాకా గట్టు మీదే కూచోవాలి. నేను బాగుంటేనే కడవలు దిగుతాయి. మందు వెయ్యాలంటే ముందురోజే గంజవ్వకు చెప్పాలి, ఆ పూట ఎవరూ నూలు నానబెట్టరు. ఏటి దారి పట్టిన కడవలు వెనక్కి తిరిగాయి. నాకు కలరా ఆఫీసరు పదవి పోయి, కలరా ఉందో లేదో చూడడానికి పెట్టుకున్న కోడిపిల్ల పదవి వచ్చింది.

ఆ నెల రోజులూ నా తెల్లారడం కూడా మొదటి కోడికే జరిగింది. చెంబెడు తాగేది, గట్టు మీద కూచునేది. ఆడవాళ్లు వరసగా వచ్చి నన్ను పరీక్షగా చూసేవాళ్లు. “కండ్లు పీక్కపోయినట్టుండాయే?” అని ఒకామె. “అది పుట్టుకతోనేలే” అని ఇంకొకామె. ఒకనాడు తుమ్మితే కడవలన్నీ గబుక్కున ఆగిపోయాయి, అది జలుబే అని సాయిబు ప్రమాణం చేసేదాకా ఒక్కటీ దిగలేదు. ఖాళీ కడుపున అంతసేపు కూచుంటున్నానని గంజవ్వ రోజూ జొన్నరొట్టె, దాని మీద వేరుశనక్కాయల పచ్చడి, వాళ్ల మాటలో ఊరిమిండి, పెట్టి పంపేది. “తినప్పా, నీకేమన్నా అయితే మాకు నీళ్లుండవు” అనేది. అంత స్వార్థంగా పెట్టిన తిండి నేనింతవరకు ఎక్కడా తినలేదు, అంత రుచిగానూ తినలేదు. కూచున్నచోట ఊరికే ఉండలేక తెగిన పోగు ముడెయ్యడం నేర్చుకున్నాను. నాకు నేర్పింది నిజంగానే ఐదేళ్ల పిల్ల.

నూలు సంగతి. రంగు పోదు గదా అని పెద్దమేస్త్రీ విసుక్కుంటూనే దాన్ని మగ్గమెక్కించి, ఎర్రంచు వేయించి, ప్రొద్దుటూరు పంపాడు. పది రోజుల తర్వాత ఒక పొద్దున బావి దగ్గరికి తనే వచ్చి, నా పక్కన కాసేపు ఊరికే కూచున్నాడు. “ఏమప్పా, ఒంట్లో బాగుండాదా?” అన్నాడు. బాగుందన్నాను. “అదీ... మొన్నటి రంగు చీరలు ఇంకా ఉండాయా అని అడుగుతాండారు. ఉతికినా పోలేదంట. దాని పేరేందంటే బావిరంగు అని చెప్పినా. నీవు మల్లా మందేసేదెప్పుడు?” ఎల్లుండి అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఈ సారి లెక్క ఎట్ల కడతావో ఏమో గానీ, పోయిన తూరి కట్టినట్టే కట్టగూడదా?” ప్రభుత్వ ఉద్యోగిని కాబట్టి కుదరదన్నాను. (సాయిబు విడిగా ఒక బానలో ఏమైనా కలిపి ఇచ్చాడేమో నాకు తెలియదు. నేను అడగలేదు. అది కూడా ఒక ప్రివెంటివే.)

కలరా వచ్చింది. ఏటి అవతల ఊళ్లను దాటి ఇవతలికి వచ్చి, చెలమల నీళ్లు తాగే ఒక పల్లెలో దిగింది. అక్కడినుంచి గాలివాటుగా వినబడే ఏడుపులను నేను హాస్యకథలో రాయలేను, రాయను. ఆ రోజుల్లో ఆ వీధిలో మగ్గాల చప్పుడు కూడా తగ్గిపోయింది. పొద్దున నేను చెంబెత్తితే ఎవరూ హాస్యాలాడేవాళ్లు కాదు. పెద్దమేస్త్రీ మనుమరాలు ఒక రాత్రి వాంతి చేసుకుంటే వీధి వీధంతా తెల్లారేదాకా ఆ ఇంటి గడపలో కూచుంది. తెల్లారి ఆ పిల్ల లేచి, తాను తిన్న పచ్చి మామిడికాయల లెక్క చెప్పింది. అంతే. ఆ తర్వాత వారం, ఇంకో వారం. ఆ వీధిలో ఏమీ జరగలేదు.

ఏమీ జరగలేదన్న సంగతిని పైకి రాసి పంపడం నా బాధ్యత. అచ్చుగడుల కాగితం ఒకటుండేది: ఊరు, బావులు, తీసుకున్న ప్రివెంటివ్ చర్యలు, కేసులు, మరణాలు. చివరి రెండు గడుల్లోనూ సున్నా పెట్టి గర్వంగా పంపాను. వారం తిరక్కుండా జవాబొచ్చింది. కేసులే లేనిచోట ప్రత్యేకంగా ఒక మనిషి అవసరమేమిటో తెలుపవలసిందిగా అడిగి, నా జవాబు కోసం ఆగకుండా, అదే కాగితంలో నా సేవలు చాలించారు. పెద్దమేస్త్రీ మొదటిరోజు అడిగిన ప్రశ్నే, కొంచెం ఇంగ్లీషులో అడిగారు. నాకు కోపం రావలసింది. నవ్వొచ్చింది.

గంజవ్వకు చెప్పి పోదామని వెళ్లాను. ఆమె గంజి తిప్పుతోంది. విషయం విని తెడ్డు ఆపకుండానే అడిగింది: “ఈ వీధిలో ఈ నెల ఏడుపు ఇనపల్యా. ఆ మాట నీ కాగితంలో రాసినావా?”

“ఏడుపు వినబడలేదని రాయడానికి ఆ కాగితంలో గడి లేదవ్వా.”

“గడి లేకుంటే గీసుకోవాల్సింది” అంది.

తర్వాత లోపలికి పోయి ఒక తుండు తెచ్చి నా భుజమ్మీద వేసింది. బావిరంగు తుండు, ఎర్రంచు. మొదటి రోజు చెడిన నూలుతో నేయించిందట. అంచులో ఒకచోట ముడి కాస్త లావుగా తగిలింది. “అది నీవేసిందేలే. పీకేద్దామంటే నేనే వద్దన్యా” అంది. బండి కదిలినప్పుడు పెద్దమేస్త్రీ వీధి చివరిదాకా నడిచొచ్చాడు. ఆయన ముఖం ఎప్పటిలాగే కదల్లేదు గానీ, చేతిలో ఉన్నది నీళ్ల కూజా. ఆ బావి నీళ్లే. “దారిలో యాడబడితే ఆడ తాగొద్దప్పా” అన్నాడు. ఆ ఊళ్లో ఆ మాటను వాడకుండానే వాడడం అప్పటికి అందరికీ వచ్చేసింది, నాకు తప్ప.

ఆ తర్వాత మూడో భాగం కూడా ఎలాగో పూర్తి చేసి, కర్నూలు బళ్లో ఇంగ్లీషు పంతుల్నై, ముప్పై ఏళ్లు ఆ మాటకు అర్థం చెప్పి బతికాను. పిల్లలు అడిగినప్పుడల్లా నిఘంటువు తీయకుండా తుండు తీసేవాణ్ణి. పోయినవారం నన్ను పరీక్ష చేసిన కుర్ర డాక్టరు ఏవో మాత్రలు రాసి, “ఏమీ లేదండీ, ఊరికే ప్రివెంటివ్” అన్నాడు. ఎందుకని అడగకుండా మింగాను. ఇంట్లో మా ఆవిడ నాలుగు రోజులు చూసి, “ఏమైనా తేడా కనబడిందా?” అంది. లేదన్నాను. “మరెందుకు అన్ని మాత్రలు?” అంది. ఆమె కూడా పెద్దమేస్త్రీ వైపువాళ్లే.

తుండు అంచులు చివికాయి. మధ్యలో చిరుగుంది. రంగు మాత్రం అట్లే ఉంది, సాయిబు చొక్కా చేతిలాగే. అప్పుడప్పుడూ దాన్ని భుజాన వేసుకుని కూచుంటే, తెల్లారని చీకట్లో బావిగట్టు మీద చెంబు పట్టుకుని, పళ్లు గోధుమరంగుకు తిరిగి, తాను బతికే ఉన్నట్టు ఎవరైనా ఒప్పుకుంటే బాగుండునని ఎదురుచూస్తున్న ఆ సన్నటి కుర్రవాడు కనబడతాడు. ఎంత తెలివి తక్కువవాడో, ఎంతమంది చేతుల్లో ఎంత భద్రంగా ఉండేవాడో వాడికి తెలియదు. నేను ఏటేటా కొత్త డైరీ కొన్న రోజున మొదటి పేజీలో అచ్చువాళ్లు వేయని గడి ఒకటి నేనే గీసుకుంటాను. స్కేలు పెట్టినా ఈ మధ్య గీత వంకరే పోతోంది. దాని పైన ‘జరగనివి’ అని రాస్తాను. కింద మొదటి వరసలో ప్రతి ఏడూ ఒకటే మాట రాస్తాను, ఆమె చెప్పినట్టే, ఆమె యాసలోనే: ఈ వీధిలో ఏడుపు ఇనపల్యా.